తూటా మందు: కొలతకూ తూకానికీ మధ్య

అమెరికాలో వేటకో గురి పోటీలకో వెళ్లే చాలామంది ఇళ్లలో, గ్యారేజీలోనో బేస్‌మెంట్‌లోనో ఒక మూల బల్లకు బిగించిన పనిముట్టు ఒకటి కనిపిస్తుంది. పైన ప్లాస్టిక్ తొట్టి, దాని కింద పోత ఇనుప దిమ్మ, దిమ్మలో తిరిగే ఉక్కు డ్రమ్ము, పక్కన ఒక మీట, అడుగున సన్నటి గొట్టం. మీట పైకెత్తితే డ్రమ్ములోని గుంట తొట్టి వైపు తిరిగి మందుతో నిండుతుంది. కిందికి దించితే ఆ గుంట బోర్లపడి, అందులోని నల్లటి పలుకులు గొట్టం గుండా జారి ఇత్తడి తొడుగులో పడతాయి. దీన్ని పౌడర్ మెజర్ అంటారు. పేల్చేసిన తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునేవాళ్లకు ఇది లేకుండా పని సాగదు.

ఈ పనిముట్టుకు బరువు తెలియదు. గుంట ఎంత పెద్దదో అంత మందు పట్టి కింద వదలడమే దాని పని. తూటాకు కావలసింది మాత్రం బరువే. గుండును తోసే శక్తి మందు ఎన్ని మిల్లీగ్రాములుందన్న దాన్ని బట్టి వస్తుంది గానీ అది ఎంత చోటు ఆక్రమించిందన్న దాన్ని బట్టి కాదు. ఒకే గుంటను పదిసార్లు నింపి తూచితే పది తూకాలూ సరిగ్గా ఒకేలా రావు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో, ఎంతవరకు భరించవచ్చో, ఎలా తగ్గించుకోవచ్చో తెలిసినవాళ్లే ఈ పనిముట్టును సరిగ్గా ఎంచుకోగలరు, సరిగ్గా వాడగలరు.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేల్చాక ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. తూటాలో ఖరీదైన భాగం సాధారణంగా అదే. దాన్ని శుభ్రం చేసి, ప్రెస్‌లో పెట్టి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చితే మళ్లీ పనికొస్తుంది. ఖర్చు తగ్గుతుందని కొందరు, తమ రైఫిల్‌కు నప్పే తూటా తామే తయారుచేసుకోవచ్చని ఇంకొందరు, తూటాలు బజారులో దొరకని పాత రకం తుపాకుల కోసం మరికొందరు ఈ పని నేర్చుకుంటారు.

భారతదేశంలో పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. తెలుగువాళ్లకు బాగా తెలిసిన షూటింగ్ పోటీల్లో చాలావాటికి దీనితో సంబంధమూ లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో గుండును తోసేది గాలి ఒత్తిడి, మందు కాదు. మరికొన్ని రైఫిల్, పిస్టల్ పోటీల్లో వాడే .22 రిమ్‌ఫైర్ తూటాలో ప్రైమర్ మందు తొడుగు అంచులోనే పూసి ఉంటుంది. పేలేటప్పుడు ఆ అంచు నలిగిపోతుంది కాబట్టి దాన్ని మళ్లీ నింపడం కుదరదు.

గ్రెయిన్ల లెక్క

ఈ రంగంలో మందును గ్రాముల్లో కాక గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. చిన్న పిస్టల్ తూటాకు నాలుగైదు గ్రెయిన్ల మందు చాలు, వేట రైఫిల్ తూటాకు నలభై యాభై గ్రెయిన్లు పడతాయి. మామూలు రీలోడింగ్ త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు వరకు చూపిస్తుంది.

మెజర్ ఎంచుకోవడంలో మొదటి లెక్క ఇక్కడే ఉంది. ఒక మెజర్ 0.2 గ్రెయిన్ అటూ ఇటూగా మందు వదులుతుందనుకుందాం. 40 గ్రెయిన్ల మోతాదులో ఆ తేడా అర శాతం. 4 గ్రెయిన్ల మోతాదులో అదే తేడా 5 శాతం! గుంటను పలుకులతో నింపాక డ్రమ్ము అంచు పైన తెగ్గోసే చోట ఒకటో రెండో పలుకులు ఎక్కువ తక్కువ అవుతాయి. గుంట మూతి ఎంత వెడల్పైతే ఆ పొరపాటుకు అంత చోటుంటుంది. అందుకే మంచి కంపెనీలు పిస్టల్‌కు సన్నటి గుంట, రైఫిల్‌కు వెడల్పైన గుంట వేర్వేరుగా ఇస్తాయి. రెండింటికీ ఒకటే గుంట వాడమనే మెజర్ పిస్టల్ తూటాల దగ్గర తడబడుతుంది.

అర శాతానికీ 5 శాతానికీ ఇంత పట్టింపు ఎందుకంటే, ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందు మండే తీరు అలాంటిది. దాని పలుకులు ఉపరితలం నుంచి లోపలికి మండుతాయి. చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ మండే వేగమూ పెరుగుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ వియే ఈ సంబంధాన్ని సూత్రంగా రాశాడు. మందు కాస్త ఎక్కువైతే ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి మంటను ఇంకా వేగంగా నడిపిస్తుంది, ఆ మంట ఒత్తిడిని మరింత పెంచుతుంది. మోతాదు పెరిగిన దామాషాలోనే ఒత్తిడి పెరిగి ఆగిపోదు, దాన్ని దాటిపోతుంది. అమెరికా తూటా పరిశ్రమకు ప్రమాణాలు నిర్దేశించే సామీ సంస్థ .38 స్పెషల్ తూటాకు చదరపు అంగుళానికి 17,000 పౌన్లు, .308 వించెస్టర్‌కు 62,000 పౌన్లు గరిష్ఠ ఒత్తిడిగా పెట్టింది. ఆ గీత దాటితే ఇత్తడి తొడుగు చీలవచ్చు, తుపాకే పగలవచ్చు.

కొలతే చాలిన కాలం

మొదట్లో ఈ ఇబ్బంది ఇంతగా లేదు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు కాలంలో కొలతే ప్రమాణం. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న .45-70 తూటా పేరులోనే లెక్క ఉంది: గుండు వ్యాసం అంగుళంలో నూటికి 45 వంతులు, మందు 70 గ్రెయిన్లు. తొడుగును గుండు అడుగు వరకు నింపేసేవాళ్లు, మధ్యలో ఖాళీ ఉండనిచ్చేవాళ్లు కాదు. అలాంటి తూటాలో పొరపాటున రెండింతల మందు పడే అవకాశమే లేదు, ఎందుకంటే అంత మందు తొడుగులో పట్టదు. గురి మీద పట్టింపు ఉన్నవాళ్లు మందును పొడుగాటి ఇత్తడి గొట్టం గుండా పై నుంచి జారవిడిచేవాళ్లు. అలా పడిన పలుకులు దగ్గరదగ్గరగా కుదురుకునేవి.

1884లో వియే తయారుచేసిన పొగరాని మందు లెక్కలన్నీ మార్చేసింది. కొద్ది చోటులోనే నల్లమందుకు కొన్ని రెట్ల శక్తి. పాత కొలపాత్రతో కొత్త మందు నింపితే తుపాకీ పగలడం ఖాయం, అలాంటి ప్రమాదాలు జరిగాయి కూడా. వాటిని తప్పించడానికి కొన్ని కంపెనీలు ఉపాయం పన్నాయి. నల్లమందు ఎంత చోటు తీసుకుంటుందో అంతే చోటు తీసుకునేలా ఉబ్బెత్తుగా ఉండే పొగరాని మందు చేసి, దానికి బల్క్ పౌడర్ అని పేరు పెట్టాయి. పాత కొలపాత్రతోనే దీన్ని కొలవవచ్చు. అదే సమయంలో బరువైన, చిక్కటి డెన్స్ పౌడర్లూ బజారులో ఉండేవి. వాటిని తూచి తీరాలి. ఆ కాలం గుర్తు ఇప్పటికీ షాట్‌గన్ తూటాల పెట్టెల మీద ఉంది. మూడు డ్రామ్‌లకు సమానం అని రాసి ఉంటే, మూడు డ్రామ్‌ల నల్లమందు, అంటే సుమారు 82 గ్రెయిన్లు, ఇచ్చే వేగం వస్తుందని అర్థం. లోపలున్న మందు మాత్రం అందులో సుమారు నాలుగో వంతు.

సర్దుబాటు చేసుకునే మెజర్ ఇంటింటికీ చేరింది ఈ మలుపులోనే. జాన్ బార్లో 1884లో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పెట్టిన ఐడియల్ కంపెనీ రీలోడింగ్ పనిముట్లతో పాటు వాటిని వాడే పద్ధతి చెప్పే చేతిపుస్తకాలూ అచ్చువేసింది. 1925లో ఐడియల్ పనిముట్ల వ్యాపారం లైమన్ కంపెనీ చేతికొచ్చింది. ఇప్పటికీ పేరున్న లైమన్ 55 మెజర్ ఆ వంశానిదే. దాని డ్రమ్ములో ఒకదానిలో ఒకటి జరిగే మూడు పట్టీలు ఉంటాయి. చిన్న మోతాదుకు సన్న పట్టీ ఒక్కటే జరుపుతారు, పెద్ద మోతాదుకు మూడూ జరుపుతారు. చిన్న మోతాదుకు సన్నటి గుంటే మేలన్న సూత్రాన్ని ఒకే డ్రమ్ములో ఇమిడ్చిన పద్ధతి అది.

పలుకులు కుదురుకునే తీరు

ధాన్యాన్ని కుంచంతో కొలిచిన తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. వదులుగా పోసి కొలిస్తే ఒక లెక్క, కుంచాన్ని నేలకు తట్టి కొలిస్తే ఇంకో లెక్క. పౌడర్ మెజర్‌లో జరిగేదీ అదే. దీని వెనక ఉన్న భౌతిక శాస్త్రాన్ని 1960లో టొరంటోలో జి.డి. స్కాట్ ఉక్కు గోళీలతో కొలిచి చూపించాడు. వదులుగా పోసిన గోళీలు పాత్రలో 60 శాతం చోటే నింపాయి, బాగా కదిపితే 64 శాతం నింపాయి. పాత్ర అదే, గోళీలు అవే, బరువులో తేడా ఆరేడు శాతం. షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1995లో ప్రచురించిన ప్రయోగంలో గాజు పూసలు నింపిన గొట్టాన్ని వేలసార్లు తట్టారు. పూసలు మొదట్లో గబగబా దిగి, తర్వాత మరీ నెమ్మదిగా, పదివేల తట్టులు దాటాక కూడా ఇంకా కుదురుకుంటూనే ఉన్నాయి.

మీట కొట్టే చేతికి ఇది సూటిగా వర్తిస్తుంది. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లిగా కొడితే గుంటలో పలుకులు కుదురుకునే తీరు మారుతుంది, మోతాదూ మారుతుంది. బల్ల ఊగినా అంతే. పక్కనే ప్రెస్ నడుస్తూ బల్లను అదరగొడుతుంటే తొట్టిలోని మందు నెమ్మదిగా గట్టిపడుతుంది, గుంటలోకి ఎక్కువ మందు పడుతుంది.

తొట్టిలో మందు ఎత్తు తగ్గేకొద్దీ మోతాదు మారుతుందా? ఈ ప్రశ్నకు జవాబు 1895 నాటిది. జర్మనీలోని బ్రెమెన్‌కు చెందిన ఇంజనీరు జాన్సెన్ ధాన్యపు గాదెల్లో ఒత్తిడి కొలిచాడు. నీళ్లయితే లోతుకొద్దీ అడుగున ఒత్తిడి పెరుగుతూ పోతుంది. గింజలు అలా కాదు. కొంత ఎత్తు దాటాక అదనపు బరువును గోడలు రాపిడితో మోసేస్తాయి, అడుగున ఒత్తిడి దాదాపు స్థిరంగా ఉండిపోతుంది. పౌడర్ మెజర్‌లోనూ తొట్టిలో మందు సగానికి పైన ఉన్నంతసేపూ తేడా స్వల్పం, అడుగంటే కొద్దీ మోతాదులు దారి తప్పుతాయి. తొట్టి లోపల చిన్న అడ్డుపలక పెడితే పై బరువు నేరుగా డ్రమ్ము మీద పడదు. కొన్ని మెజర్లతో పాటే ఇది వస్తుంది, లేనివాటికి విడిగా అమరుస్తారు.

పలుకుల ఆకారం అన్నిటికంటే ముఖ్యం. పొగరాని మందులో మూడు రూపాలు సామాన్యం. బిళ్లల్లా ఉండే ఫ్లేక్ మందు పిస్టల్, షాట్‌గన్ తూటాల్లో ఎక్కువ. ఉండల్లా ఉండే బాల్ మందును ఇల్లినాయిలోని వెస్టర్న్ కార్ట్రిడ్జ్ కంపెనీలో ఫ్రెడ్ ఓల్సెన్ 1930ల్లో రూపొందించాడు. అది డ్రమ్ములోకి జారినంత సాఫీగా ఇంకేదీ జారదు. అయితే సన్నటి ఉండలు డ్రమ్ముకూ దిమ్మకూ మధ్య సందులోకి దూరి కారే అవకాశముంది. మూడోది సన్నటి పుల్లల ముక్కల్లా ఉండే ఎక్స్‌ట్రూడెడ్ మందు. రైఫిళ్లకు ఎందరికో ఇష్టమైనది ఇదే, మెజర్‌ను ఎక్కువ సతాయించేదీ ఇదే. పుల్లలు అడ్డదిడ్డంగా పడి గుంటలో ఖాళీలు వదులుతాయి. డ్రమ్ము తిరిగేటప్పుడు అంచు మీద చిక్కుకున్న పుల్ల కటుక్కున తెగుతుంది, మీట పట్టుకున్న చేతికి ఆ తెగిన స్పర్శ తెలుస్తుంది. కింది గొట్టం సన్నగా ఉంటే పుల్లలు వంతెనలా అడ్డుపడి ఆగిపోతాయి. అలా ఆగిన మందు తర్వాతి తొడుగులో పడితే, ఒక తూటా ఖాళీ, దాని పక్క తూటా రెండింతలు.

ఏది ఎవరికి

అన్నిటికంటే చవకైనది చెంచా. విస్కాన్సిన్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న లీ కంపెనీ 0.3 నుంచి 4.3 ఘనపు సెంటీమీటర్ల వరకు పదిహేను ప్లాస్టిక్ డిప్పర్లను ఒక పెట్టెలో అమ్ముతుంది. ఏ మందుకు ఏ డిప్పర్ ఎన్ని గ్రెయిన్లు పడుతుందో చెప్పే పట్టిక దానితో ఇస్తుంది. డిప్పర్‌ను మందులో అడుగు వైపు నుంచి ముంచి, పైకి తీసి, కార్డుతో పైన చదును చేయాలి. ప్రతిసారీ ఒకేలా ముంచే ఓపిక ఉన్నవాళ్లకు నెలకు కొన్ని తూటాలకు ఇది చాలు.

వందల తూటాలు నింపేవాళ్లకు బల్లకు బిగించే డ్రమ్ము మెజర్ కావాలి. లైమన్, రెడింగ్, ఆర్‌సీబీఎస్, హోర్నడీ కంపెనీల మెజర్లన్నీ మూలంలో ఒకే పద్ధతివి. గుంట లోతును స్క్రూతో పెంచుతారు, తగ్గిస్తారు. మైక్రోమీటర్ అంకెలున్న స్క్రూ అయితే ఈ మందుకు ఈ అంకె అని పుస్తకంలో రాసుకుని మళ్లీ అక్కడికే తిప్పుకోవచ్చు. ఆ అంకె ఆ మెజర్‌కే, ఆ డబ్బాలోని మందుకే వర్తిస్తుంది. కొత్త డబ్బా విప్పితే మళ్లీ తూచుకోవలసిందే. పుల్లల మందు ఎక్కువ వాడేవాళ్లు లీ కంపెనీ పర్‌ఫెక్ట్ మెజర్ చూడవచ్చు. అందులో గట్టి లోహపు అంచు బదులు మెత్తటి పట్టీ మందును చదును చేస్తుంది, పుల్లలు తెగవు.

గంటకు వందల తూటాలు చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లలో మెజర్ ప్రెస్ మీదే ఉంటుంది. అరిజోనాలోని డిల్లన్ కంపెనీ ప్రెస్‌లలో తొడుగు పైకి లేచినప్పుడే గుంట ఉన్న పట్టీ జరిగి మందు పడుతుంది. తొడుగు లేకపోతే మందు పడదు. ఇవి సాఫీగా జారే బాల్, ఫ్లేక్ మందులతో బాగా నడుస్తాయి.

ఎలక్ట్రానిక్ డిస్పెన్సర్లది వేరే పద్ధతి. ఇవి కొలవవు, తూస్తాయి. మోటారు తిప్పే గొట్టం మందును త్రాసు గిన్నెలోకి మొదట గబగబా, చివర్లో పలుకు పలుకుగా రాలుస్తుంది. నిర్ణయించిన బరువు రాగానే ఆగుతుంది. వేగం తక్కువ, ధర ఎక్కువ. ఏసీ గాలి తగిలినా, కరెంటు ఒడిదుడుకులున్నా అంకెలు చలిస్తాయి కాబట్టి వాటిని పెట్టే చోటు కూడా చూసుకోవాలి.

మీట కొట్టే చేయి

కొత్త మెజర్‌లో నూనె పూత ఉంటుంది. దాన్ని పూర్తిగా తుడవకపోతే పలుకులు అతుక్కుంటాయి. పొడి వాతావరణంలో ప్లాస్టిక్ తొట్టి స్థిర విద్యుత్తుతో పలుకుల్ని గోడలకు పట్టి ఉంచుతుంది, అందుకే చాలామంది బట్టల డ్రయ్యర్‌లో వేసే షీటుతో లోపల తుడుస్తారు. బల్ల మీద ఒకేసారి ఒకే రకం మందు డబ్బా ఉండాలి. తొట్టిలో ఉన్నది ఏ మందో కాగితం మీద రాసి తొట్టికే అంటించాలి. రెండు నల్లటి మందులు పక్కపక్కన చూస్తే కంటికి ఒకేలా ఉండవచ్చు, మండే వేగంలో మాత్రం ఎంతో తేడా ఉంటుంది.

తొట్టి నింపాక మొదటి మోతాదులు నమ్మకూడదు. మందు కుదురుకునేదాకా పది పన్నెండు మోతాదులు వదిలి తిరిగి తొట్టిలో పోయాలి. అప్పుడు ఒక మోతాదు తూచి, స్క్రూ సర్ది, కావలసిన బరువుకు దగ్గరగా తేవాలి. తర్వాత పది మోతాదులు ఒకే గిన్నెలో పట్టి కలిపి తూచి పదితో భాగిస్తే సగటు తెలుస్తుంది. పదో వంతు గ్రెయిన్ చూపే త్రాసుతోనే ఇలా అంతకంటే సన్నటి లెక్క అందుతుంది. సగటు ఒక్కటే చూస్తే చాలదు. ఎక్కువ తక్కువలు ఆ సగటులో దాక్కుంటాయి, కాబట్టి మరో పది మోతాదులు విడివిడిగా తూచి వాటి మధ్య దూరమూ చూడాలి. పని సాగుతున్నప్పుడు కూడా నడుమ నడుమ ఒకటి తూస్తుండాలి.

మీట పైన ఆగే చోట ఒక తట్టు, కింద ఆగే చోట ఒక తట్టు, రెండూ ఒకే బలంతో పడాలి. వేగం కంటే లయ ముఖ్యం. డ్రమ్ము మధ్యలో బిగుసుకుంటే బలంగా తోయకూడదు, వెనక్కి తిప్పి ఆ మోతాదును తొట్టిలో పోసి మళ్లీ మొదలుపెట్టాలి. అనుభవం ఉన్నవాళ్లు యాభై తొడుగులు పట్టే చెక్క దిమ్మలో అన్నీ నిలబెట్టి మందు వేసి, గుండు పెట్టేముందు టార్చి వెలుగులో వరుసగా లోపలికి చూస్తారు. ఒక తొడుగులో మందు మట్టం పక్కవాటికంటే పైన ఉన్నా, కింద ఉన్నా ఇట్టే కనిపిస్తుంది. ఇది అతి జాగ్రత్త కాదు. .38 స్పెషల్ తొడుగు నల్లమందు కాలపు పొడుగుతో చేసింది. అందులో మూడు గ్రెయిన్లున్న తేలికపాటి మోతాదు అడుగునే ఉండిపోతుంది, రెండుసార్లు పడినా పొర్లిపోదు. అసలు మందు పడని తూటా ఇంకో రకం ప్రమాదం. ప్రైమర్ బలానికే గుండు కదిలి తుపాకీ గొట్టంలో ఇరుక్కుంటుంది, అది తెలియక ఇంకొకటి పేలిస్తే గొట్టం పగులుతుంది. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లకు ఆర్‌సీబీఎస్ అమ్మే లాక్‌అవుట్ డై మందు ఎక్కువైనా తక్కువైనా ప్రెస్‌ను కదలనివ్వదు.

పని అయిపోగానే తొట్టిలో మిగిలినది అదే డబ్బాలోకి తిరిగి పోయాలి. నైట్రోగ్లిజరిన్ ఉన్న మందు తొట్టిలోనే వదిలేస్తే ప్లాస్టిక్ మసకబారి పాడవుతుంది. డ్రమ్ము గుంటలో నిలిచిన చివరి మోతాదునూ మీట తిప్పి దించాలి, లేకపోతే రేపటి మందులో నిన్నటి మందు కలుస్తుంది.

ఇంతకీ ఎంత ఖచ్చితం కావాలి? రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే అమెరికా బెంచ్‌రెస్ట్ పోటీల్లో 100, 200 గజాల దూరంలో గురి చూసేవాళ్లు చాలామంది మోతాదులు తూచరు. హోమర్ కల్వర్ అనే షూటర్ క్లిక్కులతో తిరిగే స్క్రూను లైమన్ 55 మెజర్‌కు అమర్చిన కాలం నుంచీ మెజర్ మీదే ఆధారపడి, మైదానంలోనే తూటాలు నింపుకుంటూ అయిదు గుండ్లూ దాదాపు ఒకే రంధ్రంలో దించుతున్నారు. ఆ దూరంలో పదో వంతు గ్రెయిన్ తేడా కాగితం మీద కనిపించదు. వెయ్యి గజాల దగ్గర కథ మారుతుంది. సెకనుకు 2,600 అడుగులతో బయల్దేరే .308 గుండు వేగంలో 10 అడుగులు తగ్గితే అది లక్ష్యం దగ్గర కొన్ని అంగుళాలు కిందికి పడుతుంది. అందుకే ఆ పోటీల్లోవాళ్లు ఒక మిల్లీగ్రాము వరకు తూచే ప్రయోగశాల త్రాసులు వాడతారు. పుల్లల మందులో ఒక్క పలుకు బరువు దరిదాపుల్లోకి వచ్చే తూకం అది.

పిస్టల్ తూటాలు ఎక్కువగా చేసేవాళ్లకు సన్నటి గుంట ఉన్న డ్రమ్ము, సాఫీగా జారే మందు సరిపోతాయి. వేట రైఫిల్ ఉన్నవాళ్లకు మెజర్‌తో కాస్త తక్కువ పోసి, త్రాసు మీద పెట్టి మిగిలినది ట్రిక్లర్ అనే చిన్న పనిముట్టుతో పలుకు పలుకుగా రాల్చుకునే పద్ధతి చాలు. ఎలక్ట్రానిక్ డిస్పెన్సర్‌కు డబ్బు పెట్టవలసింది దూరపు పోటీలకు వెళ్లేవాళ్లే. ముగ్గురూ మెజర్ కంటే ముందు కొనవలసినవి మూడున్నాయి: మంచి త్రాసు, దాన్ని సరిచూసే తనిఖీ బాట్లు, మందు కంపెనీ ప్రచురించిన తాజా లోడింగ్ మాన్యువల్. అందులో చెప్పిన ప్రారంభ మోతాదు నుంచే మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. మెజర్ మీది అంకెలకు అర్థం ఇచ్చేది త్రాసు, ఆ త్రాసు చూపిన బరువు తుపాకీకి తగినదో కాదో చెప్పేది మాన్యువల్.